జంటపోగు

మిషను బడిలో చిన్నపిల్లల చేత అబద్ధమాడరాదని పలకల మీద రాయించడం నా ఉద్యోగం. ఏళ్ల తరబడి రాయిస్తున్నాను. ఆ మాట రాయించిన రోజున ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేను. ఎందుకో చెప్పాలంటే మా తమ్ముడు చిట్టియ్య రాజమహేంద్రవరం జైల్లో ఉన్న ఆరేళ్ల సంగతి చెప్పాలి.

మాది కాకినాడ కాలవ గట్టు మీద ముతక గుడ్డ నేసే మాలపేట. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. నాకు పెళ్లయిన రెండో ఏడే మొగుడు పోతే పుట్టింటికి తిరిగొచ్చి, మిషను వాళ్లు చెప్పిన నాలుగక్షరాలు పట్టుకుని బళ్లో చేరాను. ఇంట్లో ముగ్గురం. నేను దేవకుమారిని, నాకన్నా ఆరేళ్లు చిన్నవాడు చిట్టియ్య, మా అయ్య ఏసుపాదం. పేటలో అందరికన్నా ముందు బాప్తిస్మం తీసుకున్నది అయ్యే. తూము దగ్గర కాలవలో దిగి మునిగి లేచాడు. ఆ రోజు నుంచి ఆయన నోట అబద్ధం రాలేదు. సంతలో కూడా తన గుడ్డలో ఎక్కడ పోగు తెగిందో తనే వేలు పెట్టి చూపించేవాడు. అలాంటి నేతగాడి ఇంట్లో ఎంత పొదుపుగా వండుకోవాలో వండిన నాకు తెలుసు.

బాప్తిస్మం కన్నా పాతదొకటి మా ఇంట్లో ఉండేది. గుడ్డ నేయడం పూర్తయ్యాక, ఆఖరి వరసలో ఒక పోగుకు బదులు రెండు పోగులు కలిపి వేస్తారు. దాన్ని జంటపోగు అంటాం. మగ్గం నేర్పిన మనిషి బతికున్నంతకాలం ఆయన పేరున అది వెయ్యాలి. ఆ మనిషి పోయాక జంటపోగు వెయ్యరు. అంచు మూసే ముందు వేలెడు మేర పేక కొట్టకుండా పడుగును ఖాళీగా వదిలేస్తారు. కొనేవాళ్లకు ఇదేమీ తెలియదు. చిట్టియ్యకు మగ్గం నేర్పింది అయ్యే.

సీమ గుడ్డ వచ్చి మా ముతక గుడ్డ అడిగేవాళ్లు తగ్గాక చిట్టియ్య ఒక ఆసామి దగ్గర పాలేరుగా కుదిరాడు. ఆసామి పొలం కాలవ చివరన ఉంది, నీళ్లందవు. తూము తలుపు ఎత్తి రమ్మని ఒక రోజు తెల్లవారుతుండగా మావాణ్ణి పంపాడు. కాలవ కాపలా లస్కరు అడ్డొచ్చాడు. మాటా మాటా పెరిగింది. మావాడు పార తిరగేసి కొడితే లస్కరు మోకాలి చిప్ప పగిలి, ఆ కాలు ఇక దేనికీ పనికిరాకుండా పోయింది. అప్పటికి గట్టు మీద పదిమంది ఉన్నారు. కోర్టులో తొమ్మిదిమంది మేం చూడలేదన్నారు. పంపిన ఆసామి ఆ పాలేరే నాకు తెలియదన్నాడు. పదోవాడు మా అయ్య.

"చూడలేదని ఒక్క మాటనవయ్యా, నీ కొడుకు ఇంటికొస్తాడు" అని వకీలు ముందురోజే చెప్పాడు. అయ్య తలూపలేదు, కాదనలేదు. బోనెక్కి బైబిలు మీద చెయ్యి వేసి, "చూశానండి. కొట్టింది మావాడేనండి" అన్నాడు.

ఏడేళ్లు వేశారు. చిట్టియ్య అయ్య వంక ఒక్కసారి చూశాడు, అంతే. మిషను దొరగారు గుళ్లో అయ్య పేరెత్తి మెచ్చుకున్నారు. ఆ మెప్పు తీసుకెళ్లి పొయ్యిలో పెట్టుకోమని ఇంటికొచ్చాక నేనన్నాను. మూడు రోజులు అయ్యతో మాట్లాడలేదు. ఆయన వండింది తినలేదు, నేను వండింది పెట్టలేదు.

జైల్లో మూడు నెలలకొకసారి ములాఖత్తు. అది కావాలంటే ఉత్తరం ఉండదు, ఉత్తరం రాస్తే ములాఖత్తు ఉండదు. మొదటిసారి మాఘమాసంలో వెళ్లాం. పడవ మీద ధవళేశ్వరం దాకా వెళ్లి అక్కణ్ణుంచి నడిచాం. గేటు దగ్గర వార్డరు లోపలికి వెళ్లి తిరిగొచ్చి, "నీ కొడుకు రానంటున్నాడయ్యా" అన్నాడు. వైశాఖంలో కాలవలకు నీళ్లు కట్టేశారు, పడవల్లేవు. రెండు రోజులు ఎండలో నడిచి వెళ్లాం. అప్పుడూ అదే జవాబు. అయ్య తువాలుతో మొహం తుడుచుకుని వెనక్కి తిరిగాడు.

మూడోసారి శ్రావణంలో అయ్యకు జ్వరం వచ్చింది. నేనొక్కదాన్నే వెళ్లాను. ఒక్కదాన్నే వచ్చానని చెప్పించాను. చిట్టియ్య వచ్చాడు.

మా ఇద్దరి మధ్య రెండు వరసల ఊచలు, వాటి నడుమ బారెడు జాగా. గుండు చేసి మందపాటి జైలు గుడ్డ తొడిగారు వాడికి. చిక్కిపోయాడు. ఏం తింటున్నావురా అంటే రాగి సంకటన్నాడు. ఏం పని చేయిస్తున్నారంటే మగ్గం మీద కూర్చోబెట్టారన్నాడు. బయట తిండి పెట్టని మగ్గం లోపల పెడుతోందే అక్కా అని కొంచెం నవ్వాడు కూడా. ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చి, అయ్య రెండుసార్లు వచ్చి వెళ్లాడురా అన్నాను.

వాడి మొహం మారిపోయింది.

"ఆయన మాట నా దగ్గర ఎత్తకే. ఆయన బతికుండగా నేనా ఇంటి గడప తొక్కను. బయటికొచ్చాక ఎటో పోతాను. ఆ మాట ఆయనతో చెప్పు."

నాకు ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పి ఒకడు ఇల్లు కూల్చాడు, పంతం పట్టి ఇంకొకడు ఎటో పోతానంటున్నాడు, ఇద్దరికీ మధ్య నడిచి కాళ్లు అరగదీసుకుంటున్నది నేను. వీడొక్కసారి ఏడిస్తే బాగుండుననిపించింది. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, అంతకుమించి ఆలోచించలేదు.

"ఎవరితో చెప్పమంటావురా? ఆషాఢంలో విశూచి తగిలి చచ్చిపోయాడు మీ అయ్య" అన్నాను.

చిట్టియ్య ఏడవలేదు. ఊచలు పట్టుకున్న తన చేతుల వంక చూసుకున్నాడు. కాదురా, కోపంలో అన్నానురా అని నేను నోరు తెరిచేలోగా వార్డరు గంట కొట్టి వాణ్ణి లోపలికి తీసుకుపోయాడు. ఒక్కమాట, ఒక్కమాట చెప్పాలండి అని బతిమాలాను. మూడు నెలల తర్వాత చెప్పుకోమ్మా అన్నాడు.

ఇంటికి వెళ్లేసరికి అయ్య జ్వరంతోనే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "వచ్చాడా?" అన్నాడు. వచ్చాడన్నాను. "నా మాటేవన్నా అడిగాడా అమ్మా?"

అడిగాడన్నాను. ఒక అబద్ధం ఆడాక రెండోది ఆడటానికి గొంతు కూడా సవరించుకోవక్కర్లేదని ఆ రోజు తెలిసింది. అయ్య ఆ పూట గంజి తాగి, జ్వరం తగ్గినట్టుంది చూడు అని నా చేతికి తన నుదురు ఆనించాడు. ఆ మూడు నెలలూ నేనెలా గడిపానో నాకే తెలుసు.

కార్తీకంలో ఇద్దరం వెళ్లాం. తమ్ముడికి అసలు సంగతి చెప్పి కాళ్లు పట్టుకుందామని నా ఆలోచన. ఈసారి తప్పకుండా వస్తాడని అయ్య ఆశ. దారి పొడుగునా అయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. లస్కరు ఇంటికి నెలనెలా వెళ్లి వస్తున్నానని, ఆ కుంటికాలు చూసినప్పుడల్లా తను చెప్పింది తప్పు కాదనిపిస్తుందని, కొడుకు గుర్తొచ్చినప్పుడల్లా తప్పేమో అనిపిస్తుందని అన్నాడు. ఈ సంగతి వాడితో చెప్పి, క్షమించమని అడగాలట. అంతే ఆయనకు కావలసింది.

గేటు పక్కన ఒక గదిలో ఖైదీలు నేసిన దుప్పట్లు, తువాళ్లు, తివాచీలు అమ్ముతారు. పల్లంరాజుగారనే పెద్ద వార్డరు దాన్ని చూసుకునేవాడు. మా వంతు రావడానికి ఇంకా సమయముంది. నేతగాడి చెయ్యి ఊరుకోదు కదా, అయ్య గుమ్మంలో నిలబడి ఒక్కో దుప్పటీ అంచు పట్టుకుని చూడసాగాడు.

"కొంటావా, ఊరికే నలుపుతావా?" అన్నాడు పల్లంరాజుగారు.

"మావాడు నేసిందేదో చూస్తున్నానండి" అన్నాడు అయ్య.

"పేరు రాసి పెడతారేంటయ్యా దుప్పట్ల మీద?"

అయ్య నవ్వాడు. అడుగునున్న ఒక దుప్పటీ లాగాడు. చిట్టియ్యకు కుడి చేతిలో బలమెక్కువ. కుడి అంచు దగ్గర నేత ఎప్పుడూ ఒక పిసరు బిగుతుగా వస్తుంది. చిన్నప్పుడు దానికోసం అయ్య వాడి వీపు మీద ఎన్నిసార్లు చరిచాడో. "ఇదమ్మా, ఇది మనవాడిది" అని గబగబా మడత విప్పి చివరకు వెళ్లాడు. జంటపోగు కోసం వెతుకుతున్నాడని నాకు అప్పుడు తట్టింది.

జంటపోగు లేదు. వేలెడు మేర పడుగు ఖాళీగా ఉంది.

అయ్య ఆ ఖాళీలో వేలు పెట్టి అటూ ఇటూ జరిపాడు. ఇంకో దుప్పటీ తీశాడు. అందులోనూ అదే. మూడోది తీసి చూసి మూడింటినీ ఎలా ఉన్నవి అలా మడతపెట్టి ఇచ్చేశాడు. బయటికొచ్చి జైలు గోడ నీడన కూర్చున్నాడు.

"నువ్వెళ్లి చూసి రా అమ్మా. వాడి లెక్కలో నేను పోయాను. బతికున్నవాణ్ణి చచ్చినవాడి కింద కట్టాడంటే ఎంత కోపమో చూడు" అన్నాడు.

అప్పుడు చెప్పాను. గోడకేసి తల కొట్టుకుంటూ మొత్తం చెప్పాను. వాడు కోపంతో అలా నెయ్యలేదు అయ్యా, నువ్వు పోయావని నేనే చెప్పాను, నిన్ను తలుచుకుని వదిలాడు ఆ ఖాళీ అన్నాను. తిడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"మూడింట్లోనూ వదిలాడు" అన్నాడు అయ్య. "నా మీద కోపమున్నవాడు నా పేరున ఎందుకు వదులుతాడే? మామూలుగా అంచు మూసేస్తే అడిగేవాడెవడు అక్కడ?"

"నేనిప్పుడే వెళ్లి నిజం చెబుతాను. నువ్వూ రా అయ్యా. నిన్ను చూస్తే..."

"చూస్తే నీ మొహం కూడా చూడడు. నిజం చెప్పి నేను వాడికి లేకుండా పోయాను. అబద్ధం చెప్పావని తెలిస్తే నువ్వూ పోతావు. అప్పుడు వాడికి ఈ గోడ బయట ఎవరున్నారు? విడిచాక ఎటు పోతాడు?" అయ్య తువాలు తీసి దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. "పోయానని తెలిసి మెత్తబడ్డాడు కదా. ఉండనీ. చెప్పకు."

కోర్టులో కన్నకొడుకు కోసం ఆడని అబద్ధాన్ని మా అయ్య జైలు గోడ కింద కూర్చుని ఆడటానికి ఒప్పుకున్నాడు. నేను లోపలికి వెళ్లాను.

ఊచల అవతల చిట్టియ్య మొదట అడిగిన మాట, "అయ్యకు ఏ గుడ్డ కప్పారే?" అని. మాలో తండ్రి పోతే కొడుకు నేసిన గుడ్డ కప్పుతారు. వాడు ఎప్పుడో నేసి ఇంట్లో ఉంచినది కప్పామని చెప్పాను. ఎక్కడ పూడ్చారని అడిగాడు. కాలవ గట్టు పక్కన, అమ్మ దగ్గరన్నాను. "నేనాయన్ని ఒక్కసారి రానిచ్చి ఉండాల్సిందే అక్కా. ఎండలో నడిచొచ్చాడని వార్డరు చెప్పాడు కూడాను" అని అప్పుడు ఏడ్చాడు. నేను కావాలనుకున్న ఏడుపు అదే. దాన్ని చూడలేక తల దించుకున్నాను. బయటికొచ్చి అయ్యతో వాడన్న మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పాను. ఆయన రెండోసారి చెప్పించుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి మూడు నెలలకూ ఇద్దరం వెళ్లేవాళ్లం. కాలవలో నీళ్లున్నప్పుడు పడవ మీద, వేసవిలో నడిచి. నేను లోపలికి, అయ్య గోడ నీడకు. ఆ కార్తీకంతో కలిపి అలా ఇరవై సార్లు. పల్లంరాజుగారు మొదట విసుక్కునేవాడు, తర్వాత మావాడి మగ్గం మీంచి వచ్చినవి తనే విడిగా తీసి ఉంచి, "ఇదిగోనయ్యా, నీ దుప్పట్లు" అని ఒళ్లో పడేసేవాడు. తను వస్తున్నట్టు లోపల మావాడి చెవిన వెయ్యవద్దని అయ్య ఆయన్ని ముందే బతిమాలుకున్నాడు. అయ్య చివర్లు చూసి, నేత ఎక్కడ బాగుపడిందో ఎక్కడ చెయ్యి తొందరపడిందో నాకు చెప్పేవాడు. ఖాళీ మీద వేలు పెట్టి కాసేపు ఉంచేవాడు. ఇంత దగ్గరకొచ్చి కొడుకు గొంతైనా వినకుండా వెళ్లే మనిషిని చూస్తూ నాకు ఎన్నిసార్లో అరవాలనిపించింది. చిట్టియ్య మాత్రం ప్రతిసారీ అయ్య మాటే ఎత్తేవాడు. విడుదలయ్యాక అయ్య మగ్గం మీదే కూర్చుంటానన్నాడు.

ఇంటి దగ్గర అయ్యలో ఒక మార్పు వచ్చింది. మా గుళ్లో ఆదివారం ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడం ఉంది. ఒకప్పుడు అందరికన్నా ముందు లేచేవాడు. ఇప్పుడు వెనక వరసలో కూర్చుని, ఎవరు పిలిచినా లేవడం మానేశాడు. ఏమయ్యా ఏసుపాదం, చల్లబడ్డావా అని పాస్టరుగారు అడిగితే అవునండి అన్నాడు. ఆయన దగ్గర నేను తీసుకున్నది ఎంత పెద్దదో నాకప్పుడు తెలిసింది.

ఒక ఒప్పందం కుదిరింది మా ఇద్దరి మధ్య. చిట్టియ్య విడుదలయ్యే ముందు అయ్య పెద్దాపురం వైపు మిషను వాళ్ల తోటలో కాపలాకు పోవాలని, వాడు ఇంట్లో కుదురుకున్నాక మెల్లగా నేను నిజం చెప్పాలని. ఆ అవసరం రాలేదు. ఆరో ఏట భాద్రపదంలో అయ్యకు రొమ్ము పట్టేసింది. మూడు రోజులే ఉన్నాడు. "ఇక నువ్వు అబద్ధం ఆడక్కర్లేదమ్మా" అన్నాడు నాతో. నా భారం తీరిందని సంతోషించాడు ఆ పిచ్చివాడు.

మంచి నడవడి కింద ఒక ఏడు తగ్గించి కార్తీకంలో చిట్టియ్యను విడిచిపెట్టారు. నేను ధవళేశ్వరం దాకా ఎదురెళ్లాను. పడవలో సగం దారి దాకా వాడే మాట్లాడాడు. ఇంటికి రాగానే గడప తొక్కలేదు. ముందు అయ్య దగ్గరికి పోదాం పదమన్నాడు.

దారిలోనే చెప్పాల్సింది. నోరు రాలేదు. కాలవ గట్టు పక్కన అమ్మ సమాధి ఎక్కడుందో కూడా కనిపించకుండా నేల చదునైపోయింది. దాని పక్కన అయ్య దిబ్బ నల్లగా, ఎత్తుగా ఉంది. గడ్డి ఇంకా అల్లుకోలేదు. చిట్టియ్య వంగి ఒక మట్టిగడ్డ తీసి చేత్తో నలిపి చూశాడు.

"అక్కా, ఆరు వానాకాలాలు తడిసిన మట్టి కాదే ఇది."

మొత్తం చెప్పాను, ఒక్కటీ దాచకుండా. నా కోపం, ఆ శ్రావణం, దుప్పటీ చివర ఖాళీ, గోడ నీడ. వాడు నన్ను తిట్టలేదు.

"ఎన్నిసార్లొచ్చాడు?"

"ఇరవై సార్లురా."

"నేను లోపల నీతో మాట్లాడుతుంటే బయట కూర్చున్నాడా?"

"బయటే."

"మరి నిజంగా పోయినప్పుడు ఏ గుడ్డ కప్పావే?"

"నువ్వు నేసిందేరా" అన్నాను. "ఆఖరుసారి వెళ్లినప్పుడు పల్లంరాజుగారి దగ్గర ఒక దుప్పటీ కొనుక్కొచ్చాడు. అదే కప్పమన్నాడు."

చిట్టియ్య మట్టిలో కూర్చుండిపోయాడు. నేను పిలవలేదు. పొద్దు వాలుతుంటే తనే లేచి ఇంటికొచ్చాడు.

నాతో నెలరోజులు మాట్లాడలేదు. అయ్య మగ్గం తుడిచి, పడుగు ఎక్కించి, పొద్దున్నే కూర్చుంటే చీకటి పడేదాకా నేసేవాడు. నేను కండెలు చుట్టి పక్కన పెట్టి బడికి వెళ్లేదాన్ని. మొదటి గుడ్డ పూర్తయ్యే రోజున బడికి వెళ్లకుండా గుమ్మంలో కూర్చున్నాను. ఆఖరి వరసకు వచ్చేసరికి వాడు ఆగి, కండెలో పోగుకు ఇంకో పోగు కలిపాడు.

"చిట్టియ్యా, పోయినవాళ్లకు జంటపోగు వెయ్యరురా" అన్నాను.

"తెలుసక్కా" అన్నాడు. నెల తర్వాత నాతో వాడన్న మొదటి మాట అది. "ఆయన గోడవతల కూర్చుని ఇరవైసార్లు దీనికోసం చూశాడు కదా. ఒక్కదాంట్లోనూ వెయ్యలేదు నేను."

ఆ జంటపోగుతో నాడెను పడుగులోంచి విసిరాడు. ఆ గుడ్డ అమ్మలేదు, కప్పుకోలేదు. అయ్య మగ్గం మీదే మడతపెట్టి ఉంచి, పక్కన నేలలో మగ్గం గుంట తవ్వి తనకు వేరే మగ్గం వేసుకున్నాడు.